పాత నీళ్ళు

పై వాటాలో కుళాయి తిప్పితే ఆ రోజు కూడా గాలే వచ్చింది. ముందు బుస్సుమంది, తర్వాత దగ్గింది, తుప్పు రంగులో నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది. కింద బకెట్ పెట్టుకుని కూర్చున్న చిట్టి కుళాయి వంక చూడలేదు, తలుపు దగ్గర నిలబడ్డ అక్క వంక చూసింది. ఆ చూపుకి అర్థం అక్కకి తెలుసు. ఆదివారం పొద్దున్న సామాన్ల బండి వస్తుంది. వంతెన అవతల, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన చోట, రోజంతా నీళ్ళొచ్చే ఇల్లొకటి చిట్టి మొగుడు చూసి పెట్టాడు. ఈలోగా ఈ కుళాయిలో నీళ్ళు పడితే చిట్టి ఇక్కడే ఉంటుంది, పడకపోతే వెళ్ళిపోతుంది.

ఆ మేడలో మిగతావాళ్ళెవరూ అక్కని అక్క అనరు. వెనకాల అందరూ పోలీసమ్మ అంటారు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. నిజానికి ఆమె ఉద్యోగం అచ్చాఫీసులో తప్పులు దిద్దడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎర్ర కలం పట్టుకుని ఇంకోళ్ళు చేసిన పొరపాట్ల కింద గీతలు గీసి గీసి, ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. మేడలో నీళ్ళ సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా అని అందరూ కలిసి ఆ పని ఆమె నెత్తిన పెట్టారు. పెట్టిన మర్నాటి నుంచే లెంపలేసుకుంటున్నారు.

మేడ పెద్దదేం కాదు. కింద టాక్సీ డ్రైవరు, ఆయన భార్య. వాళ్ళ మీద పోలీసమ్మ, కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆమె మొగుడు. ఆ పైన టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన తాతగారు, ఒంటరి మనిషి. అందరికన్నా పైన చిట్టి, మొగుడు, ఇప్పుడిప్పుడే తప్పటడుగులు వేస్తున్న కవల పిల్లలు. తెల్లారేసరికి ఊరి నీళ్ళు కింది తొట్టిలో చేరతాయి. డ్రైవరు మోటారు స్విచ్చి వేసి, వేసిన సంగతి అందరికీ తెలియాలని టాక్సీ హారన్ గట్టిగా ఒకటి కొడతాడు. నీళ్ళు మేడ మీది ట్యాంకులోకి ఎక్కి, అక్కణ్ణించి గొట్టాల్లో అన్ని ఇళ్ళకీ దిగుతాయి. కింది వాటాల్లో కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పితే నీళ్ళు కిందికే పరిగెడతాయి, ట్యాంకు కిందనే ఉన్న చిట్టి ఇంటికి మాత్రం గాలి మిగులుతుంది. కాసేపటికి ట్యాంకూ ఖాళీ, తొట్టీ ఖాళీ. మళ్ళీ మర్నాడు హారన్ మోగేదాకా అంతే.

వాళ్ళమ్మ పోయేనాటికి చిట్టికి జడ వేసుకోవడం కూడా రాదు. జడ వేసింది అక్క, బడికి పంపింది అక్క, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అక్క, ఆఖరికి పెళ్ళి చేసి పంపిందీ అక్కే. పెళ్ళయ్యాక చిట్టి మొగుడి ఉద్యోగాల వెంట ఊళ్ళు పట్టుకు తిరిగింది. ఎప్పుడో ఒకసారి ఫోన్ చేస్తే సగం మాటలు వినపడేవి, సగం వినపడేవి కావు. పోలీసమ్మకి పిల్లల్లేరు. పై వాటా ఖాళీ అయిందని తెలియగానే ఆమె ఇంటి ఓనరు చుట్టూ తిరిగి, మరిది చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చెల్లెల్ని తెచ్చి మూడు పూటలా చూసుకునేంత దగ్గరలో పెట్టుకుంది. ఇప్పుడు వెధవ కుళాయి ఒకటి అడ్డం తిరిగి ఆ పిల్లని మళ్ళీ తీసుకుపోతోంది.

మరిదిని అనడానికేం లేదు. మంచివాడు. రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి, జుట్టు నిండా పిండితో ఇంటికొస్తాడు. వచ్చేసరికి స్నానానికి చెంబెడు నీళ్ళుండవు. ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? మొదట్లో నవ్వాడు, తర్వాత ఊరుకున్నాడు, ఇప్పుడు వంతెన అవతల ఇల్లు చూశాడు. వదినగారి ముందు ఆ మాట చెప్పడానికి మాత్రం చాలాసేపు నీళ్ళు నమిలాడు.

అందుకని పోలీసమ్మ నడుం బిగించింది. ముందు డ్రైవరు దొరికాడు. పైపు పెట్టి కారుకి అభిషేకం చేస్తుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది. మాట్లాడలేదు, అలా చూస్తూ నిలబడింది. డ్రైవరు కాసేపు ఇటు కడిగాడు, కాసేపు అటు కడిగాడు, చివరికి ఆ చూపు భరించలేక పైపు చుట్ట చుట్టి పక్కన పడేశాడు. ఆ రోజు నుంచీ తడిగుడ్డతో తుడవడమే.

తాతగారిది ఇంకో తంటా. గడ్డం గీసుకున్నంతసేపూ కుళాయి వదిలేస్తాడాయన. ఎందుకండీ అంటే నీళ్ళ చప్పుడు వినపడకపోతే చెయ్యి వణుకుతుందన్నాడు. పోలీసమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. రేడియో పెట్టుకోండి అంది. రేడియోలో వార్తలొస్తే ఇంకా వణుకుతుందన్నాడు. ఆఖరికి పాటలొచ్చే స్టేషను వెతికి పెట్టి, దాని మీట కదలకుండా అంటుకాగితం అంటించి వచ్చింది.

సొంత మొగుణ్ణీ వదల్లేదు. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టమని ఎన్నిసార్లు చెప్పినా ఆయన మరిచిపోతాడు. ఇంట్లో గిన్నెలు తొలిచిన నీళ్ళు మొక్కలకి, బట్టలు జాడించిన నీళ్ళు గచ్చు తుడవడానికి, అదీ ఆమె పద్ధతి. నలుగురిళ్ళలోనూ కుళాయిల మీద ఎర్ర సిరాతో 'కట్టారా?' అని రాసి అంటించింది. ప్లంబరుని పిలిపించి గొట్టాలన్నీ వెతికించింది. అతను అతుకులన్నీ తడిమి, ట్యాంకులోకి తొంగి చూసి, ఎక్కడా చుక్క కారడం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంత చేసినా పై కుళాయి బుస్సుమంటూనే ఉంది.

అన్నాళ్ళూ చెల్లెలికి నీళ్ళు మోసిందీ ఆమే. హారన్ మోగగానే చెయ్యాల్సిన పనులు ఆమె చేతులకి వాటంతటవే తెలుసు. అవన్నీ అయ్యాక, ఆఫీసుకి బయల్దేరేలోపు, నిండు బకెట్ ఒకటి పట్టుకుని తాతగారి వాటా దాటి చిట్టి ఇంటికి ఎక్కేది. సాయంత్రం వచ్చాక, చిట్టి కోసమని వేరే పట్టి ఉంచిన బకెట్ ఇంకొకటి. మొగుడు తను మోస్తానంటే ఒప్పుకోదు, ఆయన మోస్తే సగం మెట్లకే పోస్తాడు. నడుం పట్టేసింది. అచ్చాఫీసులో కుర్చీలోంచి లేవాలంటే ముందు బల్ల పట్టుకుని, తర్వాత మూలిగి, అప్పుడు లేచేది. అయినా ఆ నీళ్ళు పిల్లల ఒంటి మీద పడుతున్నాయి కదా అనుకుంటే నొప్పి కాస్త తగ్గినట్టుండేది.

బుధవారం నాటికి ఆమె బుర్రలో ఒక అనుమానం పడింది. ఇన్ని జాగ్రత్తలు పడుతున్నా నీళ్ళు ఏమవుతున్నాయి? ఎవరో తీసుకుంటున్నారు. ఎవరు? స్విచ్చి ఎవరి చేతిలో ఉందో వాళ్ళే. డ్రైవరు ఎక్కడో దొంగ గొట్టం వేసి ఉంటాడని తీర్మానించుకుని, తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి, స్నానాల గదిలో గోడల వెంట చెయ్యి వేసి తడమడం మొదలెట్టింది. డ్రైవరు భార్య చేతిలో ఉన్న గరిటె అలాగే పట్టుకుని నోరెళ్ళబెట్టింది. డ్రైవరు మాత్రం గొంతు పెంచలేదు.

"వెతకండమ్మా, బాగా వెతకండి. దొరికితే నా బండి మీకు రాసిచ్చేస్తాను. దొరక్కపోతే ఏం చేస్తారు మీరు?"

దొరకలేదు. పోలీసమ్మ మెట్లెక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం నుంచీ డ్రైవరు భార్య ఆమెతో మాట మానేసింది. మర్నాడు పొద్దున్న హారన్ కూడా కీచుమని ఒకసారి అని ఊరుకుంది.

శనివారం వచ్చేసింది. తెల్లవారితే బండి. అసలు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తన కళ్ళతో చూస్తేగాని లాభం లేదనుకుంది పోలీసమ్మ. హారన్ మోగకముందే చెప్పులేసుకుని, మోటారు వేళకి ఇంట్లో పనులన్నీ నేను చేసినట్టే చెయ్యండి, ఒక్కటి తప్పినా ఊరుకోను అని మొగుడికి గట్టిగా చెప్పి, మేడ వెనక సందులోకి వెళ్ళింది. అక్కడ గోడ వెంట నాలుగు వాటాల స్నానాల గదుల గొట్టాలూ విడివిడిగా దిగి కాలవలో కలుస్తాయి. కాలవ ఎండిపోయి ఉంది. ఒక పిల్లి అందులో నడుచుకుంటూ పోతోంది.

హారన్ మోగింది. మోటారు గుర్రుమంది. ట్యాంకులోకి నీళ్ళింకా ఎక్కను కూడా లేదు, అప్పుడే పిల్లి ఒక్క గెంతు గెంతి గోడెక్కింది. మొదటి గొట్టంలోంచి ధారగా నీళ్ళు. దాని పక్క గొట్టంలోంచి అంతకన్నా లావు ధార. మూడోది కూడా అందుకుంది. కాలవ నిండి పారింది.

పోలీసమ్మ వంగి చూసింది. సబ్బు నురగ లేదు, మురికి లేదు, తుప్పు రంగు లేదు. శుభ్రమైన నీళ్ళు. తాగొచ్చు అన్నంత శుభ్రమైన నీళ్ళు బాహాటంగా కాలవలో కొట్టుకుపోతున్నాయి. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. నెత్తీ నోరూ బాదుకుని చెప్పినా, గడప గడపకీ తిరిగి చెప్పినా, ఈ మనుషులకి చెవులున్నాయా అసలు? అన్నిటికన్నా లావుగా పోతున్న ఆ రెండో గొట్టం ఎవరిదో వాళ్ళ అంతు చూడాలనుకుంది. తలెత్తి గట్టిగా అరిచింది.

"ఎవరండీ అది? ఎవరింటి గొట్టం ఇది?"

పైనున్న చిన్న కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది.

"మనదేనే," అన్నాడు మొగుడు. "పాత నీళ్ళు పారబోస్తున్నా. నువ్వు చేసినట్టే చేస్తున్నా, ఏమీ వదల్లేదు."

ఆయన అబద్ధమాడలేదు. రోజూ ఆమె చేసే పనే అది. రేపు నీళ్ళు రాకపోతే ఎలా అని డ్రమ్ము, బకెట్లు, బిందె, చివరికి పెద్ద గిన్నెలు కూడా నింపి మూతలు పెడుతుంది. ఆ నీళ్ళు కదపదు, అవి ఉంచుకునే నీళ్ళు. మర్నాడు హారన్ మోగగానే, కొత్త నీళ్ళొస్తున్నాయి కదా అని ఆ పాతవన్నీ గచ్చు మీద ఒంపి, డ్రమ్ము కడిగి, తుడిచి, మళ్ళీ నింపుతుంది. వాళ్ళమ్మ అలాగే చేసేది. కొత్త నీళ్ళు గడపలోకి వచ్చే వేళకి ఇంట్లో పాత నీళ్ళుండకూడదని అమ్మ ఎప్పుడూ అనేది. అది నీళ్ళు పారబోయడమని పోలీసమ్మకి ఏనాడూ తోచలేదు. అది శుభ్రం అనుకుంది. గిన్నెలు తొలిచిన నీళ్ళు మొక్కలకి పోస్తూ, డ్రమ్ముల కొద్దీ మంచినీళ్ళు కాలవకి పోస్తోంది. ఆమె చేస్తోంది, డ్రైవరు భార్య చేస్తోంది, తాతగారు చేస్తున్నాడు. ట్యాంకులో నీళ్ళు ఎక్కీ ఎక్కకముందే అన్ని ఇళ్ళూ ఖాళీ డ్రమ్ములతో నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాయి.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అలా నిలబడే ఉంది, అప్పుడు నాలుగో గొట్టం మొదలైంది.

రెండోది తమదైతే, నాలుగోది అందరికన్నా పైనున్న చిట్టి ఇంటిది. సన్నగా, ఆగి ఆగి, చెంబుతో పోస్తున్నట్టు వస్తున్నాయి నీళ్ళు. ఒక్క చుక్క రాని ఇంట్లోంచి నీళ్ళెలా వస్తున్నాయి? పోలీసమ్మకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అవి ఆమె మోసిన నీళ్ళు.

నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఏవీ గుర్తు లేవామెకి. మెట్లన్నీ ఎక్కేసింది. చిట్టి ఇంటి తలుపు తీసే ఉంది. గది నిండా మూటలు, కట్టిన పెట్టెలు. పిల్లలిద్దరూ ఒక మూట మీదెక్కి కూర్చున్నారు. మూల ఉతకని బట్టల గుట్ట. చిట్టి స్నానాల గదిలో డ్రమ్ములోకి వంగి, చెంబుతో నీళ్ళు తోడి బయటికి పోస్తోంది. డ్రమ్ము ఇంకా సగానికి పైనే ఉంది.

"ఏం చేస్తున్నావే?" అంది పోలీసమ్మ.

"ఇవాళైనా వస్తాయేమోనని ఖాళీ చేస్తున్నా," అంది చిట్టి. "రాకపోయినా నువ్వు తెస్తావుగా, అవి పోసుకోవడానికైనా చోటుండాలి కదా."

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఆ బట్టలు ఉతకలేదేం? మీ ఆయన నిన్న స్నానం లేకుండా పడుకున్నాడని నాతో ఏడ్చావే. ఈ నీళ్ళు దేనికి మరి?"

"అవి ఉంచుకున్నవి అక్కా. నీళ్ళు రాకపోతే పనికొస్తాయని."

"రాలేదుగా."

చిట్టి చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. రాలేదు కదా అన్న మాట ఆమె కూడా ఇప్పుడే మొదటిసారి విన్నట్టుంది. పోలీసమ్మకి కోపం కట్టలు తెంచుకుంది. ఈ నీళ్ళు మోసి మోసి తన నడుం విరిగిందని, ఆఫీసులో కుర్చీలోంచి లేవలేకపోతోందని, ఇన్నాళ్ళూ పిల్లల కోసం అనుకుని మోస్తే కాలవకి మోసినట్టయిందని, ఆ మాటా ఈ మాటా అని, గుక్క తిప్పుకోకుండా తిట్టింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు చిట్టి నెమ్మదిగా అంది.

"నువ్వు ఆయాసపడుతూ మోసుకొస్తావే. అవి బట్టల మీద ఎలా గుమ్మరించను? చేతులు రావు నాకు. దాచుకుంటాను. మర్నాటికి పాతవైపోతాయి. పాత నీళ్ళు పిల్లలకి పొయ్యకూడదని నేర్పింది నువ్వే కదా."

పోలీసమ్మ కింద గచ్చు మీద చతికిలబడింది. గచ్చు తడిగా ఉంది, బట్టలు తడిసిపోయాయి, ఆ సంగతే పట్టించుకోలేదు. చిట్టికి జడ వెయ్యడం నేర్పినట్టే ఇదీ నేర్పింది. వీధి కుళాయి దగ్గర నుంచి చిన్న బిందె మోయించింది, ముందురోజు బిందె ఒంపించింది, ఒంపకపోతే మొట్టికాయ కూడా వేసింది. మేడంతా తిరిగి తప్పులు పట్టుకుంటే అసలు తప్పు తన చేతుల్లోంచే ఈ పిల్ల చేతుల్లోకి వెళ్ళింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వితే చిట్టి ఏమనుకుంటుందోనని ఆపుకోబోయింది. కానీ చిట్టే ముందు నవ్వేసింది.

"లే అక్కా, ఆ నీళ్ళల్లో కూర్చున్నావేంటి, అవి పాతవి."

ఆ డ్రమ్ములో మిగిలిన నీళ్ళతో అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందు పిల్లలకి స్నానం చేయించారు. తర్వాత ఆ గుట్ట బట్టలన్నీ ఉతికేశారు. డ్యూటీ నుంచి వచ్చిన మరిది, తడి బట్టలు ఆరేసిన తాళ్ళ కింద వంగి లోపలికొచ్చి, నీళ్ళొచ్చాయా అని అడిగాడు. రాలేదు, ఉన్నాయి అని చెప్పింది చిట్టి. అతనికి ఏమీ అర్థం కాలేదు గాని, స్నానం చేసి హాయిగా పడుకున్నాడు.

పోలీసమ్మకి అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. డ్రైవరింటి తలుపు కొట్టాలి. కొట్టింది. డ్రైవరే తీశాడు.

"ఏమ్మా, దొంగ గొట్టం దొరికిందా?"

"దొరికింది," అంది పోలీసమ్మ. "మా ఇంట్లోనే ఉంది. నన్ను క్షమించండి డ్రైవరు గారూ."

డ్రైవరు లోపలికి తిరిగి భార్యని పిలిచి, అమ్మగారికి కుర్చీ వెయ్యమన్నాడు. ఆవిడ కుర్చీ వేసింది గాని కొంచెం చప్పుడు చేసే వేసింది. సంగతి విన్నాక మాత్రం మెత్తబడింది. తనూ రోజూ ఒంపుతున్నానంది, వాళ్ళత్తగారు అలాగే చేసేదంది. సంగతి విని కిందికొచ్చిన తాతగారు ఒకంతట ఒప్పుకోలేదు. నిన్నటి నీళ్ళతో ఇవాళ స్నానమేంటి, ఒళ్ళు దురద పెట్టదా అన్నాడు. ఊరి ట్యాంకులో ఉన్నవి కూడా నిన్నటివే కదండీ, గొట్టంలోంచి జారగానే కొత్తవైపోతాయా అని డ్రైవరు అడిగేసరికి ఆయన గడ్డం నిమురుకుంటూ ఉండిపోయాడు. చివరికి ఒప్పందం కుదిరింది. తాగే నీళ్ళు ఎవరివి వాళ్ళు కాచుకుంటారు. మిగతావి మూత పెట్టుకుని, పాతవి వాడాకే కొత్తవి పట్టుకుంటారు. రేపు పొద్దున్న హారన్ మోగితే ఎవరూ ఏదీ ఒంపకూడదు. చిట్టి ఇంటి కుళాయి ఏమంటుందో చూద్దాం, బండి సంగతి ఆ తర్వాత.

ఆదివారం తెల్లారింది. సామాన్ల బండి వచ్చి వీధిలో ఆగింది. బండివాడు దిగి టీ కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. డ్రైవరు మోటారు వేసి హారన్ కొట్టాడు, ఈసారి పూర్తిగా, మునుపట్లా గట్టిగా.

స్నానాల గదిలో పోలీసమ్మ డ్రమ్ము ముందు నిలబడి ఉంది. అది నిండుగా ఉంది. పక్కన బకెట్లు నిండుగా ఉన్నాయి. హారన్ చెవిన పడగానే చేతులు వాటంతటవే లేచాయి. చెంబు అందుకున్నాయి. మళ్ళీ పెట్టేశాయి. మూత తీసి చూసింది. నిన్నటి నీళ్ళు, తప్పెంచడానికి ఏమీ లేదు. అయినా ఒక్క బకెట్ ఒంపితే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. కావాలంటే చేతులు కట్టెయ్యనా అని తలుపు దగ్గర నుంచి మొగుడు అడిగాడు. ఆమె ఆయన్ని కొరకొరా చూసి, రెండు చేతులతో డ్రమ్ము అంచు గట్టిగా పట్టుకుంది. కిటికీ అవతల వెనక సందు నిశ్శబ్దంగా ఉంది. కాలవలో చప్పుడు లేదు. మోటారు గుర్రుమంటోంది, అంతే.

అంతలో నెత్తి మీద, తాతగారి వాటాలో, ఛప్పుమని నీళ్ళు పడ్డ శబ్దం.

పోలీసమ్మ ఒంటికాలి మీద లేచింది. తాతగారూ అని అరుస్తూ మెట్లెక్కింది. తలుపు తోసేసరికి ఆయన తడి మొహంతో, చేతిలో చెంబుతో నిలబడి ఉన్నాడు.

"మొహం కడుక్కుంటున్నానమ్మా. నిన్నటి నీళ్ళే. అది కూడా తప్పేనా?"

తప్పు కాదని గొణిగి బయటికొచ్చింది. తన మీద తనకే చిరాకేసింది. కిందికి దిగబోతూ మెట్ల మీద ఆగిపోయింది. పైన కుళాయి బుస్సుమంది. దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది, పొడిగా కాదు, గొంతులో ఏదో అడ్డుపడినట్టు. ఆ తర్వాత ఖాళీ బకెట్ అడుగున నీళ్ళు పడ్డ చప్పుడు, దడదడా, ఆగకుండా.

"అక్కా," అంది చిట్టి పై నుంచి. "వచ్చాయి."

ఎన్నాళ్ళ నుంచి ఈ మాట కోసం ఎదురు చూసిందో పోలీసమ్మ. వింటే ఏడుస్తాననుకుంది, పరిగెత్తుకెళ్ళి చెల్లెల్ని కావలించుకుంటాననుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది ఇంకోటి.

"వచ్చాయా. అయితే ఇంక కట్టెయ్."

పైన నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది.

"కడతానులేవే," అంది చిట్టి. "బకెట్ నిండనీ. కాస్త విననీ నన్ను."

పోలీసమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది. పిల్లలిద్దరూ నీళ్ళని చూసి కేకలు పెడుతున్నారు. బండి కోసం డ్యూటీ నుంచి తొందరగా వచ్చేసిన మరిది జుట్టు నిండా పిండితో మెట్లు దిగి వచ్చి, బండివాణ్ణి పంపించేసి వస్తాను వదినగారూ అని ఆమె పక్క నుంచి తప్పుకుని వెళ్ళాడు. వెళ్తున్నవాడిని ఆపి, స్నానం కుళాయి కింద కాదు, బకెట్‌తో చెయ్యి అని చెప్పింది. అతను తలూపాడు.

నీళ్ళ చప్పుడు మారుతోంది. ముందు బోలుగా మోగింది, తర్వాత బరువెక్కింది, ఇప్పుడు మెత్తగా, పైపైకి వస్తోంది. బకెట్ అంచుకి నీళ్ళు చేరే వేళ ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంకొక్క క్షణం ఆగితే పొర్లిపోతాయి. ఈ పిల్లకి ఎప్పుడూ అన్నీ చెప్పాలి అనుకుంటూ, చిట్టీ అని కేకెయ్యడానికి పోలీసమ్మ తలెత్తింది.

ఆమె నోరు తెరిచేలోపే పైన కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది.